దాదీ చెవికి జరీ తీగ

మా అత్త ఒక మాట రోజుకు ఒకసారైనా అనేది. కంసాలి బంగారం చేస్తాడు, ముత్యాలవాడు ముత్యం తెస్తాడు, కానీ అవి మెడ మీద నిలిచేది మన దారం మీద. గొప్ప కోసం అనేది కాదు. పని మధ్యలో నాకు కునుకు పడుతుంటే లేపడానికి అనేది.

నాకు కునుకు బాగా పట్టేది. దాచడమెందుకు. పదిహేడేళ్లకు శాలిబండలో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. నగలకు పట్టుదారాలు అల్లే ఇల్లు అది. ఆ పనిని మా దగ్గర పట్వా పని అంటారు. ఇల్లంటే రెండు గదులు, వాటి ముందు పొడుగాటి వసారా, దాన్ని దాలాన్ అంటాం. దాలాన్ గోడకు ఒక ఇనుప కొక్కెం. దారాల కొసలు దానికి తగిలించి, రెండో కొస కుడికాలి బొటనవేలికి చుట్టుకుని కూర్చుంటే ఆకుపచ్చ, ఎరుపు, పసుపు పోగులు కొక్కెం నుంచి కాలి దాకా గాలిలో నిలబడేవి. మధ్యాహ్నం పడమటి ఎండ వాటి మీద పడితే అవి దారాల్లా కనబడేవి కావు. ఎండకే నరాలు పుట్టాయా అనిపించేది. వేళ్లు వాటంతట అవి అల్లుకుంటూ పోయేవి. నేనెక్కడో ఉండేదాన్ని. ఎక్కడ అని అడిగితే ఇప్పుడు కూడా చెప్పలేను.

గోడ అవతల దాదీ ఇల్లు. దాదీ అంటే నాయనమ్మ. మనుమలకు సరే, మా గల్లీ మొత్తానికి ఆమె దాదీయే. డెబ్బై దాటిన మనిషి. తెల్లని దుపట్టా, కళ్లకు సుర్మా, బుగ్గన పాన్. గల్లీలో సగం మంది ముసల్మాన్ పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పింది ఆమే. చదువుతూ చదువుతూ పిల్ల ఒక్క అక్షరం తప్పు పలికితే, వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తున్నా వినబడి అక్కడి నుంచే సరిచేసేదట. నేను వచ్చేసరికి ఆ చెవులు పోయాయి. పిల్లలు రావడం మానేశారు.

బొంబాయిలో ఉద్యోగం చేసే ఆమె పెద్దకొడుకు ఒక చెవి మిషన్ తెచ్చి ఇచ్చాడు. పాన్‌దాన్ అంత డబ్బా. దాన్ని గుడ్డసంచిలో పెట్టి నడుము దగ్గర వేలాడదీసుకునేది. చప్పుడు పట్టేది ఆ డబ్బాయే, దాని నుంచి ఒక సన్నని తాడు పైకి పాకి, చెవిలో పెట్టుకునే బొత్తాం దాకా వెళ్లేది. మిషన్ పెట్టుకున్న రోజున దాదీ గోడ అవతల నుంచి మా అత్తను కేకేసేది.

"ఏమమ్మా, పొద్దున్నే కోడల్ని గట్ల తిడుతున్నవ్? నాకు అన్నీ ఇనబడుతున్నయ్!"

ఆ తాడు తెగింది. పైకి తెగినట్టు కనబడలేదు, లోపల తెగింది. ఇంగ్లీషువాళ్ల సీమలో యుద్ధం. అక్కడి సామాను ఏదీ రావడం లేదు. బొంబాయి కొడుకు ఉత్తరం రాశాడు, తాడు దొరకదమ్మా, యుద్ధం అయిపోయాక చూద్దాం అని.

దాదీకి అంత ఆగే వీలు లేదు. ఆమె చిన్నకొడుకు కూతురికి బిస్మిల్లా చేసే రోజు దగ్గరికి వచ్చింది. ముసల్మానుల ఇళ్లలో బిడ్డకు చదువు మొదలుపెట్టే వేడుక అది. మా నగరంలో దానికి ఒక లెక్క ఉంది. బిడ్డ పుట్టి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడే చేయాలి. ఒక రోజు ముందు జరగదు, ఒక రోజు వెనక జరగదు. పెద్దవాళ్లు ఒకరు ఎదురుగా కూర్చుని మొదటి మాటలు చెప్తారు, బిడ్డ తిరిగి చెప్తుంది, తప్పు పలికితే వాళ్లు దిద్దుతారు. ఆ ఇంట్లో పిల్లలందరికీ ఆ మొదటి మాటలు చెప్పింది దాదీయే. ఇదొక్కతే మిగిలింది. దిద్దాలంటే వినబడాలి కదా. దాదీకి వినబడకపోతే బార్కస్ నుంచి ఆమె వియ్యపురాలు, బిడ్డకు నానీ, అంటే అమ్మమ్మ, వచ్చి కూర్చుంటుంది. వాళ్లది అరబ్బు వంశం. మాట గొంతు లోపలి నుంచి వస్తుందని అందరూ మెచ్చుకుంటారు. ఆమె కూర్చున్నా తప్పు లేదు. కానీ దాదీకి అది చావుతో సమానం. ఆ మాట ఆమే అన్నది.

ఇంకా మూడు వారాలు ఉందనగా ఒక మధ్యాహ్నం దాదీ మా దాలాన్‌లోకి వచ్చి, తెగిన తాడు నా ఒళ్లో పడేసింది.

"ఏం పిల్లా, నువ్వు దారాలు అల్లుతవ్ గదా. గిది అల్లు."

"గది దారం కాదు దాదీ, కరెంటుది," అన్నాను.

"హౌ, పాతదే. అయితేంది?"

ఆమెకు వినబడలేదు. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నా గడ్డం పట్టుకుని తల నిలువుగా ఊపింది.

మా అత్త లోపలి నుంచి వచ్చింది. "మనం నగల దారం చేసేటోళ్లం. మిషన్ దారం మనకెందుకు? రేపు ముసలామె చెవి కాలితే గల్లీ గల్లీ మన మీద పడ్తది."

"మీ అత్త ఏమంటుంది?" అని దాదీ నన్ను అడిగింది.

సరే అంటున్నది అని సైగ చేశాను. మా అత్త నన్ను చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది.

దాదీ వెళ్లాక ఆ తాడును కత్తెరతో చీల్చాను. పైన గోధుమరంగు నూలు అల్లిక. అల్లిక మంచిదే, పదహారు పోగులది. లోపల రెండు పాయలు, ఒక్కో పాయకు మళ్లీ పట్టు చుట్టు. ఆ పట్టు విప్పి చూస్తే తీగ ఉంటుందనుకున్నాను. తీగ లేదు. సన్నని నూలుపోగులున్నాయి. ఒక్కో పోగు మీద వెంట్రుక కంటే పల్చని రాగి రేకు, చిక్కుడు తీగ మొక్కజొన్న కర్రను చుట్టుకున్నట్టు, మెలిక మెలికలుగా చుట్టుకుని ఉంది. వేలి మీద పెట్టుకుని ఎండకు చూశాను. మెరిసింది.

అది జరీ. పట్టుపోగు మీద వెండి రేకు చుడితే మా జరీ అవుతుంది. నూలుపోగు మీద రాగి రేకు చుడితే సీమవాళ్ల తాడు అయింది. ఎక్కడో సముద్రం అవతల ఎవరో నాలాంటిది కూర్చుని, కాలికి దారం చుట్టుకుని, కునుకుతూ దీన్ని అల్లినట్టు నాకు కనబడింది. అలా చాలాసేపు కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు మాడింది. అత్త తిట్టింది. ఆ తిట్లు కూడా దూరంగా ఎక్కడో వినబడ్డాయి.

చార్మినార్ దగ్గర ఒక సందులో రేడియోలు బాగుచేసే ఆయన ఉండేవాడు. మా ఇంటాయన నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. రేడియో భాయ్ అప్పటికే దాదీకి రెండు తాళ్లు చేసి ఇచ్చాడట. ఒకటి కరెంటు దీపానికి వేలాడదీసే తీగతో చేశాడు. అది బరువు, చెవిలో బొత్తాన్ని కిందికి లాగేసింది. రెండోది తలుపు దగ్గరి కరెంటు గంటకు వేసే ఒంటి రాగి తీగతో చేశాడు. దాదీ తల ఊపుతూ మాట్లాడే మనిషి. రెండో రోజుకు మెడ వంపు దగ్గర విరిగింది.

"ఆమె తల ఊపుడు బంద్ చేస్తే తీగ బతుకుతది," అన్నాడు రేడియో భాయ్. "తీగ మారుస్త గని, దాదీని ఎట్ల మార్చాలె?"

"గిది చూడు భాయ్. గిది జరీ," అని చీల్చిన తాడు చూపించాను.

ఆయన భూతద్దం పెట్టుకుని చూశాడు. తాడును అటూ ఇటూ తిప్పాడు. "పదేండ్ల సంది గీ పని చేస్తున్న," అన్నాడు చివరికి. "ఒక్కనాడన్న గిట్ల సోయి రాలె. నీకెట్ల తెల్సింది చెల్లె?"

"మాకు గిదొక్కటే తెల్సు."

మర్నాడు మా ఇంట్లో ఉన్న జరీ ముక్కలన్నీ మూట కట్టుకుని వెళ్లాను. జరీలో సచ్చా ఉంటుంది, ఝూటా ఉంటుంది. సచ్చా అంటే అసలు వెండి. ఝూటా అంటే రాగి రేకుకు వెండి పూత. సీమ తాడులో రాగి ఉంది కాబట్టి ఝూటాయే పనికొస్తుందని అనుకున్నాం. రేడియో భాయ్ ఒక బ్యాటరీ, గోలీ అంత బుడ్డి బల్బు పెట్టి, మధ్యలో జరీ పోగు పట్టుకున్నాడు. బల్బు వెలగలేదు. నల్లబడకుండా దాని మీద ఏదో మెరుగునూనె పూస్తారు. ఆ పూత కరెంటును లోపలికి రానివ్వలేదు. సచ్చా పోగు పెడితే బల్బు మిణుగురులా ఎర్రగా మినుకుమంది. ఏడు పోగులు కలిపి పెడితే తెల్లగా వెలిగింది. పట్టపగలు ఆ చిన్న వెలుతురును చూస్తూ ముగ్గురం పిల్లల్లా నవ్వాం. పెళ్లిచీరల కొంగుల్లో పడి ఉండే వెండి, తనకు ఇంకో పని కూడా తెలుసునని మాకెవరికీ చెప్పలేదు.

తాడు ఒక కొసను చెవి బొత్తానికి కట్టొచ్చు, రెండో కొసకు పిన్నులు కావాలి. డబ్బాకు రెండు సన్నని చిల్లులుంటాయి, వాటిలో దూరేవి. పాత పిన్నులు అరిగి వదులయ్యాయి. మొదట గ్రామఫోను సూదులు పెట్టాం. మొన వైపు సరిగ్గా దూరింది, కానీ ఉక్కు నున్నన, ఊరికే జారిపోయింది. తాళాలవాడి దగ్గర ఇత్తడి మేకులు తెచ్చాం, లావు. చివరికి దాదీ తన సుర్మా పుల్ల తీసి ఇచ్చింది. కళ్లకు సుర్మా దిద్దుకునే ఇత్తడి పుల్ల, మధ్యలో లావు, రెండు కొసలా సన్నం. రేడియో భాయ్ దాన్ని మధ్యకు కోసి ఆకురాయితో అరగదీస్తే రెండు పిన్నులయ్యాయి. చిల్లులో పెడితే మెల్లగా వెళ్లి గట్టిగా కూర్చున్నాయి.

"ఇన్నేండ్లు కండ్లకు పెట్టిన. ఇప్పుడు చెవికి పెడ్త," అన్నది దాదీ.

పిన్నుకు జరీ అతకాలి. రేడియో భాయ్ టంకం పెట్టబోయాడు. కడ్డీ తగలగానే పట్టు కాలి, వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, రేకు ముడుచుకుపోయింది. రెండుసార్లు చేశాడు, రెండుసార్లు కాలింది.

"జర జరుగు భాయ్," అన్నాను. "మా పనిల నిప్పు లేదు."

లాకెట్ కొండీకి దారం కట్టేటప్పుడు మేము ఏం చేస్తామో అదే చేశాను. పోగులను పిన్ను పొడుగునా పరిచి, వెనక్కి మడిచి, పైన సన్నని రాగి తీగతో చుట్టు పక్కన చుట్టు ఆనించి బిగించాను. ఆయన పటకారుతో ఒక నొక్కు నొక్కాడు. లాగితే రాలేదు.

ఇక తాడు అల్లడం. అక్కడ నేను బోల్తా పడ్డాను. మా చేతుల్లో జరీ ఎప్పుడూ జరీతో కలిసే పోతుంది. పోగు పోగులో కలిసి ఒకే తాడులా కనబడాలి, అదే పనితనం. నేను రెండు పాయలనూ అలాగే కలిపి అల్లి, మెరిసే నాగుపాములాంటి తాడు చేసి తీసుకెళ్లాను. రేడియో భాయ్ పరీక్ష చేసి తల పట్టుకున్నాడు.

"చెల్లె, గీ రెండు పాయలు ఒకదాన్నొకటి తాకొద్దు. తోడికోడళ్ల లెక్కుండాలె. ఒక్క ఇంట్లనే ఉండాలె, మాటల్లేకుండ."

మా ఇంటాయన నవ్వాడు. నేను ఇంటికొచ్చి అంతా విప్పాను. ఒక్కో పాయకూ సందు లేకుండా పట్టు చుట్టి, తేనెమైనం రుద్ది, ఎండలో ఆరబెట్టి, అప్పుడు రెండింటి మీదా నూలు అల్లిక వేశాను. ఆరు మధ్యాహ్నాలు పట్టింది. పైకి ఏమీ మెరుపు లేదు. అంత వెండి లోపల పెట్టి పైన మట్టిరంగు నూలు కప్పడం నా జన్మలో మొదటిసారి. దాలాన్‌లో అది కొక్కెం నుంచి నా కాలి దాకా సాగి ఉంటే, నా ఊపిరి దాంట్లోంచి పోతున్నట్టు ఉండేది.

వేడుక ఇంకా ఆరు రోజులు ఉందనగా తీసుకెళ్లి ఇచ్చాం. గడప దగ్గర మా అత్త "ఆగు" అన్నది. మా ఇంట్లో అల్లిన ఏ కొత్త దారమూ పసుపు తగలకుండా గడప దాటదు. తడిపసుపు తెచ్చి రెండు కొసలకూ, కట్టు మీద, శుభ్రంగా అద్దింది. అది మాకు ఎంత మామూలంటే, నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు.

దాదీ బొత్తాం చెవిలో పెట్టుకుంది. పిన్నులు డబ్బాలో దూర్చాను. ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత మెల్లగా చేయి పైకెత్తి, కప్పు వైపు వేలు చూపించింది. పైన పావురాలున్నాయి. వేలు గోడ వైపు తిరిగింది. అవతల మా వాకిట్లో ఎవరో బిందె దింపారు. వేలు నా వైపు వచ్చింది. నేను కదిలాను, గాజులు కదిలాయి. ఆ వేలు అలా ఇంటి చుట్టూ తిరుగుతుంటే, ఆ ఇంట్లో ఇన్ని చప్పుళ్లున్నాయని నాకు మొదటిసారి తెలిసింది. చెవులున్న నేను ఇన్నాళ్లూ విన్నది ఏంది అనుకున్నాను.

"నీ కడుపుల గుడగుడమంటుంది. అన్నం తినలేదా?" అన్నది దాదీ కళ్లు మూసుకునే.

మర్నాడంతా గోడ అవతల ఆమె గొంతు వినబడుతూనే ఉంది. మూడో రోజు పొద్దున ఆమే వచ్చింది.

"చేపలు ఏంచినట్టు సొర్రుమంటుంది," అన్నది. సాయంత్రానికి ఆ చప్పుడు కూడా పోయింది.

పిన్నుల దగ్గర చూస్తే కట్టు అంతా పచ్చబడి ఉంది. పసుపు పచ్చ కాదు, చిలుము పచ్చ. తడి, పసుపు, ఒంటి చెమట కలిసి రాగి కట్టును తినేశాయి. ఆ తీగ వేలు తగిలితే పొడిలా రాలింది. మా అత్త నా భుజం మీదుగా చూసింది. ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

"పసుపు లేకుంట దారం ఇల్లెట్ల దాటుతది," అన్నది. అడిగినట్టు లేదు, జవాబు చెప్పినట్టూ లేదు. తర్వాత నా మీద విరుచుకుపడింది. "నువ్వన్న చెప్పొద్దా? నోరు లేదా?"

"నాకు మాత్రం తెల్సా?"

ఆ మాటకు కొట్టబోయిందేమో, చేయి సగం లేచి ఆగింది.

దాదీ ఇద్దరినీ చూసింది. సగం లేచిన ఆ చేయి ఆమెకు చాలు. "లొల్లి నక్కో," అన్నది, వద్దని చేయి ఊపుతూ. "గామె నా మేలుకే పెట్టింది. తీస్తే పోతది. దానికింత ఫికర్ ఎందుకు?" కానీ ఆమె చేయి ఖాళీ చెవి దగ్గరికి పోయి అక్కడే ఉండిపోయింది. రోజులు లెక్కపెడితే మూడే.

కొత్తగా అల్లడానికి జరీ లేదు, సమయమూ లేదు. తడి ఎంత దూరం పాకిందో వేలితో నొక్కుతూ చూశాను. రెండు కొసలా జానెడు చొప్పున పోయింది, మధ్యలో తాడు బాగానే ఉంది. పోయినంత మేర కోసేశాను. పిన్నులు తోమడానికి చింతపండు అందుకోబోయి ఆగాను. అది పులుపు, అది కూడా తినేస్తుంది. పొడి బూడిద పెట్టి తోమాను. మళ్లీ కట్టు కట్టేటప్పుడు పొట్టి తాడు కొక్కేనికీ కాలికీ అందలేదు. ఒక మనిషి పట్టుకోవాలి. మా అత్త వెళ్లి కుంకుడుకాయతో చేతులు కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది, బట్టతో తుడుచుకుని, ఎండలో రెండు చేతులూ చాచి ఆరబెట్టుకుంది. వచ్చి నా ఎదురుగా కూర్చుని కొస పట్టుకుంది. ఆ మధ్యాహ్నం అంతా మా ఇద్దరి మధ్య ఆ తాడు తప్ప మాట లేదు. ఒకసారి నాకు కునుకు పట్టింది. ఆమె లేపలేదు. నేను లేచేదాకా కొస వదలకుండా అలాగే కూర్చుంది.

పసుపు లేకుండా గడప దాటిన మొదటి దారం అది. మా అత్త మొహం అటు తిప్పుకుంది.

తాడు పనిచేసింది. కాకపోతే పొట్టిదైంది. డబ్బా నడుము దగ్గర ఉంటే చెవికి అందదు. గుండెల మీదికి ఎక్కించి కట్టుకోవాల్సి వచ్చింది.

నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగో రోజు వచ్చింది. దాదీ ఇంట్లో ఆడవాళ్లే నలభై మంది. తెల్ల చాందినీ దుప్పట్లు పరిచారు. మల్లెలు, అత్తరు, ఉడుకుతున్న బిర్యానీ వాసన. నేనూ మా అత్తా గోడ పక్కన కూర్చున్నాం. బార్కస్ నానీ ముందు వరసలో నిటారుగా కూర్చుంది, నల్లని బట్టలు, పొడవైన వేళ్లు. చెడ్డ మనిషి కాదు. ఆమె తన కూతురితో, అంటే దాదీ కోడలితో, మెల్లగా అన్నది నాకు వినబడింది.

"ఆమెకు ఇనబడక, బిడ్డ ఏమన్నా హౌ హౌ అంటే ఏం చేద్దాం? బిడ్డకు మొదటి మాటే తప్పు పోతది గదా. గట్లయితే నేను కూసుంట."

బిడ్డను తెచ్చారు. పెళ్లికూతురిలా ఉంది. జరీ కుర్తా, నుదుట బుడ్డి టీకా బిళ్ల, మెడలో పూలదండ మోకాళ్ల దాకా. ముందు ఒక పలక, దాని మీద గంధంతో, కుంకుమపువ్వుతో రాసిన అక్షరాలు. అవి నేను చదవలేను. ఆ మాటకొస్తే అప్పుడు ఏ అక్షరాలూ చదవలేను. తెలుగు అఆలు నేను యాభై దాటాక, మనుమలు పారేసిన పుస్తకాల్లో నేర్చుకున్నాను. కానీ ఆ పూట ఆ పలక మీద తడి ఆరని గీతలు చూస్తుంటే నీళ్లలో చేపపిల్లలు కదిలినట్టు అనిపించి, ఎవరి వేడుకకు వచ్చానో మరిచిపోయాను.

దాదీ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి మాట చెప్పింది.

బిడ్డ అనలేదు. నలభై మందిని చూసి బెదిరిపోయింది. దాదీ మళ్లీ చెప్పింది. బిడ్డ మొహం దాదీ దుపట్టాలో దాచుకుని లోపల ఏదో గొణిగింది. నాకు వినబడలేదు. నానీకి వినబడలేదు. డబ్బా పక్కనే ఉన్నా గుడ్డల గరగర తప్ప దాదీకీ ఏమీ వినబడలేదు. బొత్తాం నొక్కుకుంటూ వంగింది. "ఏమన్నవ్ బిడ్డా? ఇంకోసారి." బిడ్డ ఇంకా లోపలికి దూరింది.

అందరూ దాదీ చెవినీ, నా తాడునూ చూశారు. తాడే పోయిందనుకున్నారు. నానీ కొంచెం ముందుకు జరిగింది. దాదీ అది చూసింది. నేను చూసిన దాదీ మొహాల్లో అదొక్కటే నాకు చూడబుద్ధి కానిది.

అప్పుడు దుపట్టాలోంచి ఒక చిన్న వేలు బయటికి వచ్చి తాడు పట్టుకుంది. "గిది నాకు," అన్నది బిడ్డ. దాదీకి వినబడకపోయినా వేలు కనబడింది.

దాదీ బొత్తాం తన చెవిలోంచి తీసి బిడ్డ చెవిలో పెట్టింది.

"గట్లయితే నీకెట్ల ఇనబడ్తది?" అన్నది నానీ.

నేను కూడా అదే అడగాలనుకున్నాను. కోపం కూడా వచ్చింది, నిజం చెప్పాలి. ఆరు మధ్యాహ్నాలు, ఆ తర్వాత ఇంకో మధ్యాహ్నం, ఎవరి చెవి కోసం అల్లాను? కానీ దాదీ మొహం వంచి, గుండెల మీది డబ్బా దగ్గర నోరు పెట్టి, గుసగుసగా మొదటి మాట చెప్పింది.

బిడ్డ కళ్లు పెద్దవయ్యాయి. చెవిలో దాదీ గొంతు ఏనుగంత అయి ఉంటుంది. భయం పోయింది, నవ్వు వచ్చింది. చెవి నిండా చప్పుడుంటే మన గొంతు మనకు తెలియదు. బిడ్డ నోరు పెద్దగా తెరిచి, పావురాలు ఎగిరిపోయేలా, ఆ మాటను అరిచింది. అవతల మగవాళ్ల వైపు కూడా ఒక్కసారి చప్పుడు ఆగింది.

దాదీ ఉలిక్కిపడింది. ఆమె ఉత్త చెవి మీద చేయి పెట్టుకుంది.

"గంతగనం ఒర్రుడు నక్కో బిడ్డా! నేనేమన్న చెవిటిదాన్నా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మొట్టమొదట నవ్వింది నానీయే. ఆ నిటారు మనిషి ముందుకు వంగిపోయి, పొడవైన వేళ్లతో మొహం కప్పుకుని నవ్వింది. ఇంక ఇల్లంతా నవ్వు. మా అత్త నన్ను మోచేత్తో పొడిచింది, నేను ఆమెను పొడిచాను.

దాదీ నవ్వలేదు. ఆమెకు పని ఉంది. డబ్బాలోకి రెండో మాట గుసగుసలాడింది, బిడ్డ అరిచింది. మూడోది చెప్పింది, అరిచింది. నాలుగో మాట దగ్గర దాదీ చేయి ఎత్తి ఆపింది. "గట్ల కాదు. గొంతు లోపల్నుంచి," అని తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది. బిడ్డ గొంతు మీదా వేలు పెట్టింది. బిడ్డ మళ్లీ అరిచింది. దాదీ నానీ వైపు చూసింది. నానీ తల ఊపింది, సరిగ్గా వచ్చింది అని.

ఆ రోజు బిడ్డ మిషన్ తిరిగి ఇవ్వలేదు. మిఠాయి పంచేటప్పుడూ, దావత్ అయ్యేదాకా కూడా, డబ్బా మెడలో వేసుకుని, ఎవరు దగ్గరికొస్తే వాళ్ల మీద అరుస్తూ దాలాన్ అంతా తిరిగింది. దాదీ మెత్తకు ఆనుకుని కూర్చుని, ఉత్త చెవితోనే ఆ అరుపులన్నీ విన్నది.